బొటీక్ అమ్మేద్దామనుకున్నా, అమ్మలేదు: ఏడాది పైన పట్టిన నా అనుభవం

మాది విజయవాడ, సత్యనారాయణపురం. కింద షాపు, పైన ఇల్లు. జాకెట్లు, లంగా ఓణీలు, మగ్గం వర్కు, ఫాల్ పీకో అన్నీ చేస్తాం. కరోనా తర్వాత 2021లో ఒక్క మిషన్‌తో మొదలుపెట్టా, ఇప్పుడు ముగ్గురు టైలర్లు, రెండు మగ్గాలు, లోను పెట్టి కొన్న కంప్యూటర్ వర్కు మిషను ఒకటి, హెమ్మింగు, హుక్స్ ఇళ్ళకి తీసుకెళ్ళి చేసిచ్చే ఆడవాళ్ళు నలుగురు. చెప్పుకోడానికి బానే ఉంటుంది. కానీ 2024 నవంబర్లో ఇదంతా అమ్మేసి ఇంట్లో కూర్చుందామని మిషన్లకి ఫొటోలు కూడా తీసి పెట్టుకున్నా. అక్కడ్నుంచి ఇవాళ్టిదాకా ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో రాస్తున్నా. ఎందుకంటే అప్పట్లో నేను వెతికినచోటల్లా పొద్దున్నే లేవండి, ధ్యానం చెయ్యండి, పనులు పంచండి అనే చెప్పారు, రాత్రి పదకొండింటికి "అమ్మా మా జాకెట్ అయిందా" అని ఫోన్ చేసేవాళ్ళతో ఏం చెయ్యాలో ఒక్కళ్ళూ చెప్పలేదు.

2024 శ్రావణం మామూలుగానే గడిచింది. ఆగస్టు 16న వరలక్ష్మీ వ్రతం, దానికి ముందు రెండు వారాలు షాపులో కాలు పెట్టడానికి చోటుండదు, అది ప్రతి ఏడూ ఉండేదే, వ్రతం అయ్యాక రెండు రోజులు పడుకుంటే ఆ అలసట పోయేది. అసలు కథ సెప్టెంబర్ 1న బుడమేరు పొంగినప్పుడు మొదలైంది. మా హెమ్మింగు వాళ్ళలో ఇద్దరిది సింగ్‌నగర్. ఒకామెది కింద ఇల్లు, పీకల్లోతు నీళ్ళొచ్చేశాయి. అప్పటికి ఆమె దగ్గర ఇరవై పైన జాకెట్లున్నాయి, సగం పట్టువే. బియ్యం డబ్బా, పిల్లల పుస్తకాలు, ఫ్రిజ్జు అన్నీ వదిలేసి ముందు నా సంచి పట్టుకుని డాబా ఎక్కిందట. నాలుగు రోజుల తర్వాత ఫోన్ కలిస్తే మొదటి మాటే "అక్కా, జాకెట్లు ఉన్నాయి, నాలుగైదు మాత్రం తడిశాయి" అంది. నాకు నోట మాట రాలేదు. తడిసినవి మచ్చలు పడ్డాయి, చీరలోంచి కోసిన పీసులు కదా మళ్ళీ అదే రంగు దొరకదు, వన్‌టౌన్లో వస్త్రలత అంతా తిరిగి దగ్గర రంగులు కొని వర్కు మళ్ళీ చేయిస్తే పద్నాలుగు వేల దాకా అయింది.

వాళ్ళ ఇళ్ళల్లో బురద ఎత్తుకుని తేరుకునేదాకా హెమ్మింగు నేనే చేద్దాంలే అనుకున్నా. పగలు కటింగు, కస్టమర్లు, రాత్రి వంటయ్యాక సూది. ఒంటిగంట, ఒక్కోసారి రెండు. నెలాఖరుకి వాళ్ళు పనిలోకి వచ్చారు గానీ ఈలోపు దసరా ఆర్డర్లు మీద పడ్డాయి, అక్టోబర్ 12న దసరా, 31న దీపావళి, ఆ వెంటనే కార్తీకం పెళ్ళిళ్ళు, రాత్రి సూది అలా నాతోనే ఉండిపోయింది.

నవంబర్‌కి వచ్చేసరికి ఒంట్లో ఏదో తేడాగా ఉందని తెలుస్తూనే ఉంది. ఫోన్ మోగితే గుండె దడ. రింగ్‌టోన్ మార్చా, కొత్త రింగ్‌టోన్‌కీ అదే దడ. కుడి బొటనవేలు మొదట్లో నొప్పి, కత్తెర మూస్తుంటే జివ్వుమనేది. నిద్రపట్టినా మూడింటికి మెలకువ వచ్చేసేది, వస్తే ఇంక లెక్కలు, ఎవరిది ఎప్పుడివ్వాలి, ఎవరికి ఏం చెప్పాను అని. మా అబ్బాయి ఎనిమిదో క్లాసు, జామెట్రీ బాక్సు కనపడట్లేదమ్మా అన్నందుకు వాణ్ణి ఎంత అరిచానంటే ఎదురింటి ఆంటీ బయటికొచ్చి చూసింది. ఒకరోజు మధ్యాహ్నం కటింగు బల్ల మీద రామా గ్రీన్ పట్టు పీసు పరుచుకుని, సుద్దతో గీత గీసి, కత్తెర పట్టుకుని నిలబడ్డా. ఆ గుడ్డ ఎవరిదో గుర్తు రావట్లేదు. ఆది జాకెట్ పక్కనే ఉంది, చీటీ మీద పేరుంది, చదువుతున్నా, ఆ పేరు గల మనిషి మొహం రావట్లేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో, టైలరమ్మాయి వచ్చి "అక్కా కూర్చో" అని చేతిలో కత్తెర తీసేసుకుంది. మిషన్ల ఫొటోలు తీసింది ఆ సాయంత్రమే.

మా ఆయన "మానేయ్, నీకేం ఖర్మ" అన్నారు. ఈఎంఐ నెలకి 9,784 మరి. కంప్యూటర్ మిషను కోసం తీసుకున్న నాలుగున్నర లక్షలు, ఐదేళ్ళది, అప్పటికి ఏడాది కూడా అవలేదు. మా అత్తయ్య దిష్టి తగిలిందని ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. నవ్వకండి, ఆ రాత్రి నిజంగా బాగా నిద్రపట్టింది. ఎందుకంటే దిష్టి తీశాక రాత్రంతా ఫోన్ ముట్టుకోకూడదని ఆవిడ దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసుకుంది.

డాక్టర్ దగ్గరికి డిసెంబర్ 3న వెళ్ళా. రెండున్నర గంటలు కూర్చున్నా, ఫీజు 500. బీపీ 152/98. థైరాయిడ్, షుగరు, బీ12, డీ విటమిన్ అన్నీ రాశారు, 2,650 అయింది, మర్నాడు సాయంత్రం రిపోర్టులొచ్చాయి. థైరాయిడ్ లేదు, షుగరు అంచు మీద ఉంది, బీ12 బాగా తక్కువ. సగం సంతోషం, సగం నిరాశ. నిరాశ ఎందుకంటే ఏదో ఒక జబ్బు పేరు చెప్తే కస్టమర్లకి చెప్పుకోవచ్చు కదా అని నా ఆశ. చేతికి ఎముకల డాక్టర్ దగ్గరికి వేరే వెళ్ళా, బొటనవేలి నరం వాచింది, మూడు వారాలు కత్తెర పట్టొద్దన్నారు. నేను నవ్వేశా. ఆయన నవ్వలేదు. మణికట్టుకి పట్టీ 420, ఫిజియోథెరపీ పూటకి 300, అది సంక్రాంతి దాకా సాగింది.

నిద్ర సంగతి మాత్రం నా పరిధి కాదు, సైకియాట్రిస్టుని కలవమని మొదటి డాక్టరే అన్నారు. అక్కడ ఆగిపోయా. ఎవరైనా చూస్తే, మా ఆడపడుచుకి తెలిస్తే, కస్టమర్లలో ఎవరి తమ్ముడో అక్కడ కాంపౌండర్ అయితే, ఇలా రెండు వారాలు. ఒకరోజు రాత్రి మళ్ళీ మూడింటికి మెలకువ వచ్చినప్పుడు 14416కి చేశా, టెలి మానస్ అని గవర్నమెంటుది, ఫ్రీ, ఏ టైములోనైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. ఎత్తినామె నన్ను పేరు కూడా గుచ్చి గుచ్చి అడగలేదు, చెప్పిందంతా విని, ఇన్ని వారాల్నుంచి నిద్ర లేదంటే డాక్టర్ని కలవాల్సిందేనమ్మా, సిగ్గుపడే విషయం కాదు అంది. అదే మాట ఇంట్లోవాళ్ళూ అన్నారు గానీ ముక్కూమొహం తెలీని మనిషి అంటే ఎందుకో వినబుద్ధయింది.

డిసెంబర్ మూడో వారంలో వెళ్ళా. ధనుర్మాసం వచ్చేసింది, పెళ్ళిళ్ళు లేవు, ఆ ధైర్యం కూడా ఒకటి. ఫీజు 700, బయట గంటన్నర, లోపల ముప్పావుగంట. ఆయన అడిగినవాటిలో ఒకటి బాగా గుర్తుంది, "రోజు మొత్తంలో మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగని టైము ఎంత ఉంటుంది?" ఆలోచించా. స్నానం అనబోయా, స్నానం చేస్తున్నా బయట్నుంచి "అమ్మా ఎవరో వచ్చారు" అని పిలుస్తూనే ఉంటారు కదా, చెప్పలేకపోయా. చిన్న డోసు మందు రాశారు, పనిచెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుంది కదా అని మీ అంతట మీరు ఆపొద్దు అన్నారు. ఇంకో పని చెప్పారు, ఒక వారం పాటు అరగంటకోసారి ఏం చేస్తున్నారో రాయండి అని.

సంక్రాంతి లంగా ఓణీల హడావిడి అయ్యాక, జనవరి 20 సోమవారం మొదలుపెట్టి రాశా. మా అబ్బాయి పాత నోట్‌బుక్కులో. అది రాస్తుంటే మహా చిరాకు, కానీ నాకు పనికొచ్చింది మందు తర్వాత అదే. రోజుకి పదిహేను గంటలు పనిచేస్తున్నానని అందరికీ చెప్పుకునేదాన్ని. అందులో కటింగు, ట్రయల్ చూడ్డం కలిపి నాలుగు గంటలు. ఫోన్లు, వాట్సాప్ మూడు గంటల పైనే, అందులో సగానికి సగం "ఎప్పుడిస్తారు" అన్న ఒక్క ప్రశ్నకి జవాబు. వెతుకులాట దాదాపు గంట, ఎవరి పీసు ఎక్కడుంది, ఆది జాకెట్ ఎవరి సంచిలో కలిసింది అని. లైనింగుకీ లేసుకీ వన్‌టౌన్ పరుగులు. రాత్రి హెమ్మింగు రెండు గంటలు, దానికి బయట ఇచ్చేది పీసుకి ముప్పై రూపాయలు. అంటే ముప్పై రూపాయల పని కోసం నిద్ర మానుకుంటున్నా.

ఇంకోటి నేను ఊహించనిది కనపడింది. పొద్దున పదింటికి ముగ్గురు టైలర్లు వచ్చి కూర్చుంటారు, నేను పూజ, వంట, బాక్సులు అయ్యి కిందికొచ్చి, వచ్చిన కస్టమర్లతో మాట్లాడి కటింగు మొదలుపెట్టేసరికి పదకొండున్నర. అప్పటిదాకా వాళ్ళు టీ తాగుతూ ఫోన్లు చూసుకుంటారు. సాయంత్రం వాళ్ళు వెళ్ళే టైముకి పని ఊపందుకుంటుంది. షాపు మొత్తం నా ఒక్క కుడిచేతి మీద నడుస్తోంది, అది కాస్తా వాచిపోయి పట్టీలో ఉంది.

అందుకే ముందు కటింగు మాస్టర్ని పెట్టాలనుకున్నా. ఇది చెప్పినంత ఈజీ కాదు. ఒకాయన రెండు రోజులు వచ్చి చెప్పాపెట్టకుండా మానేశాడు, ఇంకొకాయన ముప్పైవేలన్నాడు. చివరికి దొరికినాయనకి అరవై దగ్గర వయసు, సొంత షాపు మూసేసి ఖాళీగా ఉన్నారు, 22,000కి ఒప్పుకున్నారు. ఆయన కండిషన్లు రెండే, ఆరింటికి వెళ్ళిపోతా, పీసు చేతికి ఇచ్చేటప్పుడు కాయితం లేకుండా ఇవ్వొద్దు. మొదటి వారం ఆరింటికి సరిగ్గా కత్తెర గుడ్డలో చుట్టేసి లేచిపోతుంటే నాకు ఒళ్ళు మండేది. "మాస్టారూ ఈ ఒక్కటీ" అంటే "రేపు పొద్దున్నే మొదటిది ఇదేనమ్మా" అని వెళ్ళిపోయేవారు. రెండో వారానికి గమనించా, ఆ "ఒక్కటీ" రేపటికి ఆగడం వల్ల ఏ పెళ్ళీ ఆగలేదు.

ఆ కాయితం పద్ధతి కూడా ఆయనదే. ఒక్కో ఆర్డరుకి ఒక్కో గుడ్డ సంచి, దానికి పిన్నీసుతో చీటీ, చీటీ మీద పైన ఫంక్షన్ తేదీ, కింద ట్రయల్ తేదీ, ఆ కింద ఇచ్చే తేదీ. ఇచ్చే తేదీ ఎప్పుడూ ఫంక్షన్‌కి నాలుగు రోజులు ముందు. గోడకి కొక్కేలు కొట్టించి వారాల పేర్లు రాశాం, ఏ రోజు ఇవ్వాల్సిన సంచులు ఆ కొక్కేనికి. సంచులు కుట్టింది మా దగ్గర మిగిలిన లైనింగు ముక్కలతోనే, కొక్కేలకీ కార్పెంటర్‌కీ కలిపి 900. వెతుకులాట గంట కాస్తా పది నిమిషాలైంది. ఇంత ఖర్చు పెట్టిన వాటిలో ఈ తొమ్మిదొందలే అన్నిటికంటే గిట్టుబాటు.

తర్వాత లెక్క వేశాం, ఒక్కో టైలరు రోజుకి లైనింగు జాకెట్లు నాలుగు కుడతారు, ముగ్గురు కలిపి పన్నెండు, వారానికి డెబ్భై అనుకోండి. నేను సీజన్లో నూటపది దాకా ఒప్పుకుంటున్నా. ఆ మిగిలిన నలభై ఎక్కడ్నుంచి వస్తాయని ఎప్పుడూ అనుకోలేదు, నా నిద్రలోంచే వస్తున్నాయని నోట్‌బుక్కు చూశాకే తెలిసింది. వారానికి అరవై అని గిరి గీశా, మిగతా పది ఆల్టరేషన్లకి, ఏదైనా పాడైతే మళ్ళీ కుట్టడానికి. మగ్గం వర్కు హెవీవి వారానికి నాలుగు. పంచాంగం క్యాలెండర్ పెద్దది తెచ్చి ముహూర్తాలున్న తేదీలు ఎర్ర స్కెచ్‌తో చుట్టి, ఆ ముందు వారాలు ముందే నిండుతాయి కాబట్టి అక్కడ్నుంచి వెనక్కి లెక్కపెట్టి రాసుకోడం మొదలుపెట్టా. అడ్వాన్సు సగం తీసుకోనిదే చీటీ రాయను.

ఫోన్ సంగతి. షాపుకి వేరే సిమ్ము తీసుకుని వాట్సాప్ బిజినెస్ పెట్టా, అది ఫ్రీయే. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున పది దాకా ఎవరు మెసేజ్ పెట్టినా దానంతటదే జవాబు వెళ్ళేలా పెట్టుకోవచ్చు, "షాపు మూసి ఉందండి, మీ జాకెట్ ఇచ్చే తేదీ చీటీ మీద ఉంటుంది, రేపు పదింటికి మాట్లాడతాం" అని రాశా. కస్టమర్ పేరు పక్కన కటింగు అయింది, వర్కులో ఉంది, రెడీ అని లేబుల్ పెట్టుకునే సౌకర్యం కూడా ఉంది, టైలరమ్మాయే మార్చేస్తుంది. ఎనిమిదికి ఆ ఫోన్ షాపు డ్రాయర్లో పెట్టి తాళం వేసి పైకి వచ్చేస్తా. బీరువా ఐడియా మా అత్తయ్యదే కదా, ఆవిడకి క్రెడిట్ ఇవ్వాలి.

నేను అనుకోనిది ఏంటంటే, ఫోన్ ఎత్తకపోతే మనుషులు మెట్లెక్కి వస్తారు. షాపు మీదే ఇల్లు కావడం ఎంత తలనొప్పో అప్పుడు తెలిసింది. రాత్రి తొమ్మిదిన్నరకి బెల్లు కొట్టి "ఫోన్ ఎత్తట్లేదు, ఒంట్లో బాలేదేమోనని వచ్చాం, పన్లో పని జాకెట్ అయిందేమో చూద్దామని" అంటారు. పాపం నిజంగానే కంగారుపడి వచ్చినవాళ్ళూ ఉన్నారు, ఒకావిడ ఫ్లాస్కులో పాలు కూడా తెచ్చింది. మెట్ల దగ్గర గ్రిల్లు డోరు పెట్టించాం, 11,500. పాత కస్టమర్ ఒకావిడ "ఏంటమ్మాయ్ పెద్దదానివైపోయావ్, గేట్లు గీట్లూనూ" అంది. ఆవిడ ఇప్పటికీ మా దగ్గరే కుట్టిస్తుంది. రానివాళ్ళు కూడా ఉన్నారు, ఒక ఐదారు ఇళ్ళు పోయాయి, అందులో ఒకరు మొదట్నుంచీ ఉన్నవాళ్ళు, బాధేసింది.

అర్జెంటు అంటే మూడు రోజుల్లోపు కావాలంటే సగం ఎక్కువ అని బోర్డు పెట్టా. గొడవలవుతాయనుకున్నా. జరిగింది వేరు. "అమ్మో అంతా, అయితే వచ్చే వారం ఇవ్వండిలే, ఫంక్షను ఇరవయ్యో తారీఖు కదా" అనేవాళ్ళే ఎక్కువ. ఇన్నాళ్ళు నేను రాత్రులు కూర్చుని కుట్టిన అర్జెంట్లలో నిజంగా అర్జెంటు ఎన్నో ఇంక ఆలోచించకపోవడమే మంచిది.

సెలవు ఏ రోజు అన్నదాని మీద ఇంట్లో పెద్ద చర్చ. ఆదివారం కుదరదు, ఉద్యోగాలు చేసేవాళ్ళు ట్రయల్‌కి వచ్చేది ఆదివారమే. నోట్‌బుక్కులో చూస్తే మంగళవారం కొత్త ఆర్డర్లు దాదాపు లేవు, మా కస్టమర్లలో చాలామంది మంగళవారం కొత్త గుడ్డ కోతకి ఇవ్వరు. అంతే, మంగళవారం. ఫిబ్రవరి 4న మొదటి సెలవు. టైలర్లు ఒప్పుకోలేదు ముందు, వాళ్ళది పీసు లెక్క, ఒక రోజు పోతే కూలి పోయినట్టే కదా, వాళ్ళదీ న్యాయమే. పీసుకి పదిహేను పెంచా, పొద్దున వచ్చేసరికి ముందురోజు కటింగు రెడీగా ఉంటోంది కాబట్టి వాళ్ళకి వారం మీద కూలి తగ్గలేదు, అప్పుడు సర్దుకున్నారు. కానీ సెలవు తీసుకుంటే హాయిగా ఉంటుందనుకున్నా చూశారూ, మొదటి మంగళవారం పొద్దున్నుంచీ తలనొప్పి. పడుకుంటే పడుకోబుద్ధి కాదు, టీవీ పెడితే చూడబుద్ధి కాదు, కింద షట్టరు ఎవరో కొడుతున్నట్టే వినిపిస్తుంది. నెలన్నర దాకా అంతే. డాక్టర్ని అడిగితే అలాగే ఉంటుంది, అయినా తియ్యకండి షట్టరు అన్నారు.

డబ్బు సంగతి దాచకుండా చెప్తా. అంతకుముందు సీజన్ నెలలో రెండు లక్షల పైన వచ్చేది, అన్నీ పోను నా చేతికి నలభై ఐదు వేలు. 2025 ఫిబ్రవరి మాఘం ముహూర్తాల్లో కూడా లక్షన్నర దాటలేదు, మాస్టారి జీతం కొత్తగా చేరింది, చేతికి ఇరవై చిల్లర. మార్చి ఇంకా తక్కువ. ఈఎంఐ కోసం చీటీ పాడాల్సొచ్చింది, ఎనిమిది వేలు నష్టానికి. ఆ రోజుల్లో రాత్రి ఎనిమిదికి షట్టరు దించుతుంటే పక్క షాపుల లైట్లు చూసి కడుపులో దేవేసేది, ఇదంతా డబ్బున్నవాళ్ళు చేసుకునే సరదా ఏమో అని. ఉగాదికి రేట్లు పెంచా, లైనింగు జాకెట్ 550 నుంచి 650. భయపడినంత ఏం కాలేదు.

అసలు పరీక్ష మే నెల. ముహూర్తాలన్నీ వరస. నెల ముందే స్లాట్లు అయిపోయాయి, రోజూ నలుగురైదుగురికి లేదని చెప్పాలి. లేదని చెప్పడం కుట్టడం కంటే కష్టం, ఇది మాత్రం ఎంత రాసినా తక్కువే. కుట్టేది ఒళ్ళు, చెప్పేది మొహం. అప్పుడే మా ఆడపడుచు ఫోన్, వాళ్ళ తోడికోడలి కూతురి పెళ్ళి, ఏడు జాకెట్లు, మూడు మగ్గం, పది రోజుల్లో. నేను స్లాట్లు లేవంటే "ఇంట్లోవాళ్ళకి కూడా స్లాటా వదినా?" అంది. మా ఆయన భోజనం దగ్గర మాట్లాడటం మానేశారు రెండు రోజులు. రాత్రి మళ్ళీ మూడింటి మెలకువ మొదలైంది. చివరికి మా వీధి చివర ఇంకో బొటీక్ ఉంది, నాలుగేళ్ళుగా ఎదురుపడితే మొహాలు తిప్పుకుని పోయేవాళ్ళం, వెళ్ళి ఆమెని అడిగా. మగ్గం మూడూ ఆమె తీసుకుంది, జాకెట్లు పెళ్ళివి రెండు మాత్రం నేను చేశా, మిగతావి రిసెప్షన్‌కి రెడీమేడ్ సరిపెట్టారు. కూర్చుని మాట్లాడితే ఆమెకీ అదే చేతి పట్టీ, అదే మూడింటి మెలకువ. ఇప్పుడు నా దగ్గర నిండితే ఆమెకి పంపుతా, ఆమె దగ్గర నిండితే నాకు, పంపినవాళ్ళకి పదో వంతు. మా ఆడపడుచు రాఖీ పండక్కి వచ్చింది, జాకెట్ల మాట ఎవరూ ఎత్తలేదు.

జూన్ రెండో వారం నుంచి మౌఢ్యం, దాని వెనకే ఆషాఢం, జూలై 24 దాకా పెళ్ళిళ్ళు లేవు. మామూలుగా ఈ ఖాళీలో డబ్బుల్లేవని ఏడుస్తూ పాత ఆర్డర్లు లాగించేదాన్ని. ఈసారి పది రోజులు షాపు మూసి రేపల్లె దగ్గర మా అమ్మావాళ్ళ ఊరు వెళ్ళా. టైలర్లకి సగం కూలి ఇచ్చి వెళ్ళా, తొమ్మిది వేలు పైన అయింది, ఇవ్వకపోతే వేరే షాపుకి పోతారు, పోయినవాళ్ళు శ్రావణానికి రారు. ఊళ్ళో ఏం చేశానంటే పడుకున్నా, తిన్నా, పడుకున్నా.

శ్రావణం జూలై 25న వచ్చింది, ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతం, అరవై గిరి దాటలేదు. ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఫ్రీ అయింది కదా, మంచిదే, మా హెమ్మింగు ఆవిడకి నెలకి ఐదారొందలు మిగులుతోంది. కానీ నాకో కొత్త చిక్కు, మైలవరం, నూజివీడు నుంచి కస్టమర్లు "ఎలాగూ బస్సు ఫ్రీయే కదా, ఓసారి చూసిపోదామని" ట్రయల్ తేదీకి ముందే వచ్చేస్తున్నారు. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళని పొమ్మనలేం, కూర్చోబెట్టి మాట్లాడాలి. ఇప్పుడు ట్రయల్స్ మధ్యాహ్నం మూడు నుంచి ఆరు మధ్యే అని చీటీ మీద ముద్ర వేయించా, పొద్దున పూట కటింగుకి అడ్డం లేకుండా.

మందు డాక్టరే తగ్గించుకుంటూ వచ్చి ఆగస్టులో ఆపారు. బీపీ మొన్న చూపిస్తే 130/84, బీపీ బిళ్ళ నడుస్తోంది. చెయ్యి పూర్తిగా తగ్గలేదు, పొద్దున చలికి పట్టేస్తుంది, బరువు పని చేస్తే పట్టీ వేసుకుంటా. దసరా నెలకి లక్షా డెబ్భై వేలు వచ్చాయి, చేతికి నలభై ఎనిమిది, అంటే ముందుకంటే తక్కువ జాకెట్లకి కాస్త ఎక్కువే. అన్నీ బాగుపడ్డాయనుకోకండి, నవంబర్లో ఒక టైలరు హైదరాబాద్ వెళ్ళిపోయింది, కొత్తామెకి ఇంకా చంక దగ్గర కుట్టు కుదరట్లేదు.

ఇది రాస్తున్నది 2026 జనవరి ఆఖర్లో. నవంబర్ చివర్లో మొదలైన మౌఢ్యం ఫిబ్రవరి సగం దాకా ఉంది, ఈసారి మాఘం మొత్తం దాన్లోనే పోయింది, పెళ్ళి జాకెట్ ఒక్కటి లేదు. దీనికోసమే ప్రతి మగ్గం ఆర్డరు మీద మూడొందలు వేరే అకౌంట్లో వేస్తూ వచ్చా, రెండు నెలల ఈఎంఐ దాన్లోంచే వెళ్ళింది. ఈ ఖాళీలో మాస్టారు కొత్తామెకి కటింగు కూడా నేర్పుతున్నారు. పైగా ఈ ఏడు అధిక జ్యేష్ఠం, మే 17 నుంచి జూన్ 15 దాకా మళ్ళీ ముహూర్తాలు ఉండవు, అంటే ఈ వేసవి పెళ్ళిళ్ళన్నీ మార్చి, ఏప్రిల్, మే మొదటి సగంలోనే కుక్కుకోవాలి. బొటీక్ నడిపేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇప్పుడే క్యాలెండర్ తీసి చుట్టుకోండి. నేను మార్చి నుంచి మే పదిహేను దాకా ఒక టైలర్ని అదనంగా మాట్లాడుకున్నా, వీధి చివరామె ఇంకో మగ్గం వేయిస్తోంది. గిరి అరవై నుంచి డెబ్భై ఐదు చేశా. మా ఆడపడుచు ఏప్రిల్లో ఇంకో పెళ్ళుందని నిన్ననే ఫోన్ చేసింది, మూడు స్లాట్లు రాసిపెట్టమంది, అడ్వాన్సు జీపే చేసింది.